నికనోర రమ్మంటేనే

రోడ్లు లేని బేనీ మైదానంలో ఎస్టేట్లనుంచి పట్నానికి మాంసం మోసే విమానాలవాళ్లు వాతావరణం గురించి ఎస్టేట్ దొరల మాట నమ్మరు. నమ్మితే బతకరు. తెల్లవారకుండానే ఎడ్లను కోయించి కూర్చున్న ప్రతి దొరా రేడియోలో ఒకటే పాట: “ఆకాశం అద్దంలా ఉంది, వచ్చేయండి!” ఆ పాట నమ్మి వచ్చి, మబ్బుల్లో దారి తప్పి కూలినవాళ్లు చాలామంది.

దోన్ బెనిగ్నో ఎస్టేట్‌లో మాత్రం రేడియో నికనోర చేతిలో ఉండేది. యాభై దాటిన మనిషి, చదువు లేదు. రన్‌వే ఆవల ఒకదాని వెనక ఒకటిగా మూడు తాటిచెట్లున్నాయి. మూడోది కనబడకపోతే, విమానం దారిలో ఉండగానే కుండబద్దలు కొట్టినట్టు “రావద్దు” అనేది. ఇరవై ఏళ్లలో ఆ నోట ఒక్క అబద్ధం రాలేదు. అలాంటి మనిషికి ఎంత మొక్కినా తక్కువే.

అక్కడ చలికాలమైన జూలైలో ఒక ఉదయం దొర పన్నెండు ఎడ్లను కోయించాడు. కెప్టెన్ అర్సేనియో విమానం సగం దారిలో ఉండగా దక్షిణాన్నుంచి చలిగాలి, నల్లమబ్బు తోసుకొచ్చాయి.

“మూడో చెట్టు పోయింది దొరా, రెండోదీ మసకేసింది. వెనక్కి పంపేస్తున్నా.”

“నా ఉప్పు తింటూ నాకే గండి కొడతావా? అంత మాంసం మీ తాత తింటాడా?”

“మా తాత ఎప్పుడో పోయాడు. అర్సేనియో ఇంకా బతికే ఉన్నాడు.”

దొర మైకు లాక్కున్నాడు. “కెప్టెన్! ఆకాశం అద్దంలా ఉంది, దిగండి!”

రేడియోలో కెప్టెన్ గొంతు గరగరలాడింది.

“నికనోర అక్క ఏదండీ?”

“పనిలో ఉంది.”

“అయితే పిలవండి. అక్క రమ్మంటేనే వస్తా.”

దొర మైకును అరచేత్తో మూశాడు. “బాగుందని చెప్పు. లేదా సాయంత్రానికి గుడిసె ఖాళీ చెయ్యి.”

నికనోర మైకు అందుకుంది.

“తమ్ముడూ, ఇక్కడ ఏమీ కనబడట్లేదు. వెనక్కి త్రినిదాద్ పట్నానికే తిరుగు. ఇంకో మాట. రేపటినుంచి ఈ రేడియోలో నేనుండను. ఇక్కణ్నుంచి ఎవరు రమ్మన్నా రావద్దని అందరికీ చెప్పు.”

అర్సేనియో అందరికీ చెప్పాడు. నికనోర మూట సర్దుకుని చెల్లెలింటికి వెళ్లిపోయింది. ఆ మాంసానికి ఎస్టేట్‌వాళ్లు ఉప్పు పట్టించి, తాళ్లమీద ఎండబెట్టుకున్నారు.

గాలి తగ్గాక రెండు వారాలపాటు ఆకాశంలో నిజంగానే మబ్బుతునక లేదు. దొర రేడియోలో ఎంత రమ్మన్నా విమానాలు పైనుంచే వెళ్లిపోయాయి. పదిహేనో రోజున దోన్ బెనిగ్నో తనే గుర్రానికి జీను కట్టుకుని నికనోర చెల్లెలింటికి బయలుదేరాడు.