ఏ పేజీలో ఉందండి?

నా చిన్నప్పుడు, ఆరో తరగతిలో, ఒక సోమవారం కాన్వెంటు ఆఫీసు గదిలో ఉన్నవాళ్లం ముగ్గురం: హెడ్‌మిస్ట్రెస్ సిస్టరు గారు, మా తాతయ్య, నేను. బల్ల మీద ఉన్నవి మూడు: బస్టాండు బడ్డీలో అద్దెకు తెచ్చుకున్న మాంత్రికుడి నవల, నా క్షమాపణ పత్రం, ఇంకా నింపని టీసీ ఫారం.

నవలకు బ్రౌన్ పేపరు వేసి ‘సోషల్’ అని లేబుల్ అంటించాను. సంచుల తనిఖీలో దొరికిపోయింది. పేపరు విప్పితే ముఖచిత్రం మీద పుర్రె. అప్పటికప్పుడు ‘నేను చెడ్డ పుస్తకం చదివాను’ అని రాయించి సంతకం పెట్టించారు. దాని కింద తాతయ్య కూడా సంతకం పెట్టాలి, లేదంటే టీసీ. కొవ్వూరు దగ్గర మా ఊళ్లో ఇంకో ఇంగ్లీషు మీడియం బడి లేదు.

తాతయ్య కాలువ లాకుల దగ్గర పనిచేసి రిటైరయ్యారు. రోజుకు రెండుసార్లు మెట్లు దిగి, కొలబద్ద చూసి, నీటిమట్టం రిజిస్టర్లో రాయడం ఆయన ఉద్యోగం. సిస్టరు గారంటే ఎంతో గౌరవం. సంతకం పెట్టేసి, ఇంటికెళ్లాక నా వీపు విమానం మోత మోగిస్తారనుకున్నాను. ఆయన పెన్ను తీసి, ఆగారు.

“చెడ్డది ఏ పేజీలో ఉందండి?”

“ఆ బొమ్మ చూస్తే తెలీట్లేదాండీ? దెయ్యాల పుస్తకమది.”

“గట్టు మీద నుంచుని నీటిమట్టం రాసేస్తే మా ఉద్యోగం ఊడేదండి. పేజీ చెప్పండి, చదివి సంతకం పెడతాను.”

సిస్టరు గారిని ఎదురు అడిగినవాళ్లను అంతవరకు చూడలేదు. అంతలో తాతయ్య నా వైపు తిరిగారు.

“నువ్వు ముందే సంతకం పెట్టేశావుగా. నువ్వు చెప్పరా, ఏ పేజీ?”

ఆ నవల నేను రెండుసార్లు చదివాను, ఎంతో ఇష్టపడి. ఒక్క పేజీ కూడా చెప్పలేకపోయాను. అయినా చెడ్డదని రాసిచ్చింది నేనే. ఆ బడిలో తిన్న బెత్తం దెబ్బలు మరిచిపోయాను గానీ, ఆ నిమిషం ఇప్పటికీ మరిచిపోలేదు.

సిస్టరు గారు టీసీ ఫారం సొరుగులో పెట్టి, “శుక్రవారం రండి” అన్నారు.

శుక్రవారం పుస్తకం తిరిగి ఇచ్చారు. మొత్తం చదివారట. “అరవై మూడో పేజీ అండి. మిగతాది ఇంటి దగ్గర చదువుకోనివ్వండి, బడికి మాత్రం వద్దు.” తాతయ్య అక్కడే నిలబడి ఆ పేజీ చదివారు. మాంత్రికుడు పసిబిడ్డను బలివ్వబోయే చోటది. “నిజమేనండి, ఇది పిల్లలకు కాదు” అన్నారు. నా పత్రంలో ‘చెడ్డ పుస్తకం’ కొట్టేసి, ‘అరవై మూడో పేజీ’ అని రాసి, కింద సంతకం పెట్టారు.

అప్పటి నుంచి ఎవరైనా ఒక పుస్తకం చెడ్డదంటే, ఏ పేజీలో అని అడుగుతున్నాను. సిస్టరు గారిని కూడా కలుపుకుంటే ఇప్పటికి నలభై ఒక్కమంది. పేజీ చెప్పినవాళ్లు ముగ్గురు.