తప్పులన్నీ విర్యోనోవే

జోగ్జా రైల్వే స్టేషను వెనక సందులో పన్నెండు మంచాల హాస్టలు నడిపే విర్యోనోకు ఒక జబ్బు ఉండేది. కళ్లెదుట ఏ తప్పు కనబడినా అది తనదేనని ఒప్పేసుకునేవాడు.

మరుగుదొడ్డిలో ఎవరైనా నీళ్లు పొయ్యకుండా వచ్చేస్తే "నేనే" అనేవాడు. కప్పు పగిలితే "నేనే." ఒకసారి ఎవరో అమ్మాయి ఆరేసుకున్న తెల్ల గౌనును పెరట్లో కోళ్లు తొక్కేశాయి. దానిక్కూడా "నేనే" అన్నాడు. గౌను నిండా మూడేసి వేళ్ల ముద్రలు!

పొద్దున్న ఫలహారాల దగ్గర ఈ జబ్బు బాగా ముదిరేది. "రాత్రి ఆ గురక ఎవరిదండీ?" అని ఎవరో ఒకరు కళ్లు నులుముకుంటూ అడుగుతారు. హాల్లో చాప చుట్టుకుంటున్న విర్యోనో చెయ్యెత్తేవాడు.

"నేనే. ఇదేం చూశారు, మా తాత గురక పెడితే ఇంటి పెంకులు జారేవి."

అక్కడ వంట చేసి, దుప్పట్లు ఉతికే లస్త్రికి ఆయన దూరపు బాబాయి. సాయంత్రమే ఇంటికి వెళ్లిపోతుంది కనక ఆ గురక ఆమె ఏనాడూ వినలేదు. వినకుండానే సిగ్గుతో చచ్చిపోయేది. పైగా ఇంటర్నెట్లో ఎవడో రాశాడు: "మంచి హాస్టలు. సోయా గింజల టెంపే వేపుడు అద్భుతం. యజమాని మాత్రం రోడ్డు రోలరు." సందు చివర కాఫీ బండి దగ్గర అందరూ అది చదువుకుని నవ్వారు. ఆ వారమంతా లస్త్రి చుట్టుదారిన పనికొచ్చింది.

"నీకు సిగ్గు లేకపోతే పోయె బాబాయ్, నాకుంది. డాక్టరుకు చూపించుకోవచ్చుగా?"

"చూపించానే. పాపం, ఆయనకీ నిద్ర లేదు."

ఒక గురువారం, సోలో ఊళ్లో ఉన్న కూతురికి నొప్పులొస్తున్నాయని విర్యోనో వెళ్లాడు. మర్నాడు పొద్దున్నే ఉవే అనే జర్మనీ కుర్రాడు ఎర్రటి కళ్లతో వచ్చి కూలబడ్డాడు.

"రాత్రి మళ్లీ అదే గురక!"

"మా బాబాయి ఊళ్లోనే లేడు నాయనా!" అంది లస్త్రి. ఇన్నాళ్లకు పరువు దక్కిందన్న సంబరంలో గరిటె ఊపుతూ అందరికీ వినబడేలా అంది: "ఆ గురక మహానుభావుడెవరో ఇవాళ తేలాల్సిందే!"

బల్ల చివర చంథూ చెంచా కింద పెట్టింది. ఆమె కంబోడియాలో చిన్నపిల్లల టీచరు. యాభై ఏళ్లకు మొదటిసారి దేశం దాటింది. చెవులు పండుమిరపకాయల్లా ఎర్రబడగా లేచి వెళ్లిపోయింది. పది నిమిషాల తర్వాత చూస్తే మంచం ఖాళీ. దుప్పటి మాత్రం నాలుగు మడతలు పెట్టి ఉంది.

ఆ మడతలు చూశాక లస్త్రికి తల ఎత్తబుద్ధి కాలేదు. బాబాయిని చూసి పడ్డ సిగ్గు దీని ముందు ఏపాటిది? గరిటె అక్కడే పడేసి పరుగెత్తింది.

స్టేషను బెంచీ మీద చంథూ సంచీ ఒళ్లో పెట్టుకుని ఏడుస్తూ కూర్చుంది.

"నా నోటికి బుద్ధి లేదక్కా. ఇంటికి రండి."

"వచ్చే దారిలో ఒక హాస్టల్లో నా మీద చెప్పు విసిరారమ్మా," అంది చంథూ వచ్చీరాని ఇంగ్లీషులో. "ఇక్కడ మొదటి రోజు మీ బాబాయి చెయ్యెత్తితే, నిజంగా ఆయనేనేమో, నేను కాదేమో అనుకున్నాను. నాలుగు రోజులు హాయిగా తిరిగాను."

లస్త్రి ఆ సంచీ తన భుజానికి తగిలించుకుంది. ఎన్నేళ్లుగా, ఎంతమంది గురకలు మోశాడో బాబాయి! తను ఒక్క పూట మోయలేకపోయింది.

బతిమాలి తీసుకొచ్చి, హాస్టల్లో తను దుప్పట్లు ఇస్త్రీ చేసే గదిలో పరుపు వేసింది. "తలుపు గట్టిదక్కా. నిశ్చింతగా పడుకోండి."

ఏడ్చి అలసిన మనిషి, మధ్యాహ్నం అన్నం తినగానే నిద్రపోయింది. తలుపు గట్టిదే, గురక అంతకంటే గట్టిది. కిటికీ అద్దాలు గజగజలాడాయి. పక్కింటి పెద్దావిడ పరుగెత్తుకొచ్చింది.

"ఏమిటే లస్త్రీ, బోరు వేయిస్తున్నారా?"

"లేదు పెద్దమ్మా, మా బాబాయి పడుకున్నాడు," అంది లస్త్రి తడుముకోకుండా.

సరిగ్గా అప్పుడే, మనవరాలు పుట్టిందని మిఠాయి పొట్లం పట్టుకుని విర్యోనో గుమ్మంలోకి వచ్చాడు. పెద్దావిడ ఆయన్ని ఎగాదిగా చూసింది. లోపల గురక ఇంకో మెట్టెక్కింది.

విర్యోనో ఒక్క క్షణం చెవి ఒగ్గి విన్నాడు. లస్త్రి మొహం చూశాడు.

"అవును వదినా," అన్నాడు గొంతు తగ్గించి. "కాస్త మెల్లగా మాట్లాడండి. నాకు మెలకువ వచ్చేస్తుంది."