సింహాచలం కొండ దిగుతూ రెండో గేరును విచారించిన ఉదయం

రమణ బావ పాత కారు కొంటున్నానని చెప్పగానే ఇంట్లో అందరూ దాని రంగు గురించి మాట్లాడుకున్నారు. అనుమానపడే బాధ్యత నామీద పడింది. బావ అంటే మా అక్క భర్త, పాడేరులో మాస్టారు. వచ్చే నెల అక్కనీ, ఇంకా ఏడాది నిండని మేనకోడలినీ అక్కడికి తీసుకెళ్లాలని ఆయన ఆలోచన. అంటే ఆ కారు చంటిపిల్లతో పాడేరు ఘాట్ ఎక్కాలి, దిగాలి. అందుకని నన్ను నేనే దర్యాప్తు అధికారిగా నియమించుకుని, కొనేముందు బండిని సింహాచలం కొండ ఎక్కించి తీరాలని ఉత్తర్వు జారీ చేశాను. మీరూ పాత కారు కోసం ఇలాంటి చిన్న ప్రయాణం పెట్టుకునేటట్టయితే ఇది పనికొస్తుంది.

ఉదయం ఆరున్నరకి మధురవాడలో బావ బైకెక్కి, హైవే మీద హనుమంతవాక దాకా వచ్చి అరిలోవ వైపు తిరిగాం. ఆ వేళకి రోడ్డు ఖాళీ, అరగంట కూడా పట్టలేదు. అమ్మేది సత్తిబాబు గారు, పోర్టులో క్రేన్ నడిపి రిటైరైన మనిషి. మేం వెళ్లేసరికి కారు తళతళలాడుతోంది. అనుమానం. బోనెట్ మీద చెయ్యి పెడితే వెచ్చగా ఉంది. ఇంకా పెద్ద అనుమానం. చల్లగా ఉన్నప్పుడు చేసే చప్పుళ్లు మాకు వినబడకుండా ముందే వేడిచేసి ఉంచాడా? ఉండబట్టలేక అడిగేశాను.

“పాలపేకెట్లకి ఎల్లొచ్చేను బాబూ. ఏటి, దానిక్కూడా పర్మిషన్ కావాలేటి?” అన్నాడాయన. పైగా మాకు టీ ఇప్పించాడు. అల్లం దంచి వేసిన టీ. ఇంత మర్యాద ఊరికే ఎవరు చేస్తారు?

క్లచ్ సంగతి చాలావరకు ఇంటి ముందే తేలిపోతుంది. హ్యాండ్‌బ్రేక్ లాగి, మూడో గేరు వేసి, మెల్లగా క్లచ్ వదిలాను. ఇంజను వెంటనే ఆగిపోతే క్లచ్ ప్లేటుకి పట్టు ఉన్నట్టు, ఆగకుండా అరుస్తూనే ఉంటే అరిగిపోయినట్టు. ఠక్కున ఆగిపోయింది. న్యూట్రల్‌లో పెడల్ తొక్కుతూ వదులుతూ చెవి పెట్టి విన్నాను. తొక్కినప్పుడు గరగర మొదలైతే బేరింగు పోయినట్టు. ఏ గరగరా లేదు. రివర్స్ కూడా కిర్రుమనకుండా పడింది. ఇంత మంచి కారుని ఎందుకు అమ్ముతున్నట్టు?

“ఒరే బావా, కారు సూడ్డానికొచ్చేవా, కేసు రాయడానికొచ్చేవా?” అని రమణ బావ నా చెవిలో గొణిగాడు.

ముడసర్లోవ మీదుగా అడవివరం దాకా సత్తిబాబు గారే నడిపాడు. దారంతా ఆయన ఎడమ చెయ్యి గేర్ రాడ్ మీంచి లేవలేదు.

“ఆ చెయ్యి తియ్యరేంటి బాబాయ్?” అన్నాను.

“ముప్పై ఏళ్లు క్రేన్ లివరు పట్టిన సెయ్యి ఇది. ఇంకెక్కడ పెట్టినా నిద్దరోతాది” అన్నాడు. ముగ్గురం నవ్వుకున్నాం. ఆ ఉదయం నేను అనుమానించకుండా వదిలేసిన మాట అదొక్కటే.

అడవివరంలో ఆయన కొత్త పాట అందుకున్నాడు. “బండి పూజ కింద మెట్ల మొదట్లో, తొలిపావంచా కాడ సేయించేసుకోండి. కొండ మీదకెందుకు, పెట్రోలు దండగ!” కొండంటే భయపడే కారన్నమాట! నేను గంభీరంగా స్టీరింగ్ స్వాధీనం చేసుకున్నాను. టోల్ చిల్లరతో సరిపోయింది. ఎత్తు మీద మూడో గేరులో యాక్సిలరేటర్ గట్టిగా తొక్కినప్పుడు, ఇంజను మోత పెరిగి వేగం పెరగకపోతే క్లచ్ జారుతున్నట్టే. మాడు వాసన కూడా వస్తుంది. ఇక్కడ మోతా వేగమూ కలిసే పెరిగాయి. కిటికీ దించి గట్టిగా పీల్చాను. సంపెంగల వాసన తప్ప ఏమీ తగల్లేదు. నా కేసు కొట్టేసినట్టే అనిపించి కొంచెం బాధేసింది కూడా.

దర్శనం చేసుకుని బయటికొచ్చేసరికి తొమ్మిదిన్నర. దిగేటప్పుడు బావ నడిపాడు, పక్కన సత్తిబాబు గారు, వెనక నేను.

“బాబూ, సెయ్యి గేరు మీదుంచు” అన్నాడాయన. ఘాట్‌లో రెండు చేతులూ స్టీరింగ్ మీదే ఉండాలని నమ్మే మాస్టారు వినిపించుకోలేదు. రెండో గేరులో ఒక మలుపు ముందు యాక్సిలరేటర్ వదిలాడు. టక్! గేరు దానంతటదే న్యూట్రల్‌లోకి దూకింది. ఇంజను పట్టు వదిలేసింది, కారు పల్లానికి జారుతూ వేగం అందుకుంది. ఎదురుగా బస్సు.

“క్లచ్ తొక్కు!” అని అరుస్తూనే సత్తిబాబు గారి కుడి చెయ్యి పక్కసీట్లోంచి వెళ్లి గేరుని మళ్లీ రెండులోకి తోసింది. బావ బ్రేకు మీద నిలబడ్డాడు. బస్సు డ్రైవరు మాకేదో ఆశీర్వచనం పలికి వెళ్లిపోయాడు. అప్పుడు నాకర్థమైంది. అది వట్టి క్రేన్ అలవాటు కాదు. గేరు ఎప్పుడు దూకుతుందో తెలిసిన చెయ్యి.

కొండ కింద బండి ఆపి బావ అడిగాడు. “ముందే సెప్పొచ్చు కదా బాబాయ్?”

“సెప్పేను కదా, సెయ్యి ఉంచమని. ఎన్నో ఏళ్లుగా ఇంతే. ఆనించుకుంటే ఏటీ అవదు.”

“దీన్లో మా ఆవిడ పసిగుంటతో కూకుంటాది. పాడేరు ఘాట్‌లో నాను ఒంటిసేత్తో మలుపు తిప్పాలేటి?”

నేను క్రాస్ ఎగ్జామినేషన్‌కి గొంతు సవరించుకున్నాను. అవసరం పడలేదు. సత్తిబాబు గారి ముఖం మారిపోయింది. “నా మనవల్ని కూడా దీన్లోనే తిప్పేను” అన్నాడు మెల్లగా. గేర్ రాడ్ కేసి చూశాడు. పొద్దుట్నుంచీ నేను ఆయన్ని చూసిన చూపే అది.

గేర్‌బాక్స్ దించి బాగుచేయించేదాకా కొనే మాట లేదని బావ చెప్పేశాడు. మా బైకేమో అరిలోవలో ఉంది. అక్కడికి ఆటో మాట్లాడుకుని ఎక్కి కూర్చుంటే, సత్తిబాబు గారు కారుకి తాళం వేసి వచ్చాడు. “జరగండి బాబూ, నానూ మీతోనే వత్తాను” అన్నాడు.

నేను వెచ్చటి బోనెట్‌నీ, అల్లం టీనీ, తళతళనీ అనుమానించాను. దాచిపెట్టేవాడి కోసం వెతికాను. లోపానికి అలవాటుపడ్డ మనిషి దాన్ని దాచడు, ఎందుకంటే అతనికది కనబడదు. అలాంటివాళ్ల మాటలో అబద్ధం ఉండదు కాబట్టి నాలాంటి అధికారులకి దొరకరు. అందుకని ఒక్క సలహా: పాత కారుని కొండ ఎక్కించి మురిసిపోకండి, దించి కూడా చూడండి. ముందూ వెనకా బండ్లు లేని చిన్న వాలులో, బ్రేకు మీద కాలు సిద్ధంగా ఉంచుకుని, రెండో గేరులో యాక్సిలరేటర్ వదిలేయండి. గేరు మీద ఎవరి చెయ్యీ ఉండకూడదు, ముఖ్యంగా అమ్మేవాళ్లది.