చలిగదిలో కలిపిన బఫర్

సెగెడ్ ఊళ్లోని ఆ ల్యాబులో ఇల్క ఇరవై రెండేళ్లుగా ద్రావణాలు కలుపుతోంది. ప్రొటీన్ స్ఫటికాలు కట్టాలంటే బఫర్, అంటే ఆమ్లగుణం మారకుండా పట్టి ఉంచే ద్రావణం, కుదరాలి. కుదరకపోతే ప్రొఫెసర్లు ఎంత చదివినా బూడిదలో పోసిన పన్నీరే. ట్రిస్ పొడితో చేసే బఫర్‌ని మాత్రం పెద్ద టెక్నీషియన్ ఎటెల్క ఎవర్నీ ముట్టనిచ్చేది కాదు. మహా పెంకి మనిషి!

జూన్‌లో ఆవిడ ఆస్పత్రి పాలైంది. "ఒకసారి రావే, బఫర్ సంగతొకటి చెప్పాలి" అని ఫోన్ చేసింది.

"మంచమెక్కినా ఆ గోలేనా అక్కా! ఆదివారం వస్తాలే" అని నవ్వేసింది ఇల్క. ఆదివారమంతా పుల్ల చెర్రీలు సీసాలకెత్తుతూ కూర్చుంది. సోమవారం పొద్దున్నే చావు కబురొచ్చింది.

ఎటెల్క కలిపిన ఆఖరి సీసా సెప్టెంబరులో అయిపోయింది. ఇల్క అవే పాళ్లతో ఆరుసార్లు కలిపింది. ఒక్క స్ఫటికమూ కట్టలేదు.

"నెలాఖరుకి స్ఫటికాలు ఎక్స్‌రే పరీక్షకి పంపకపోతే ఈ పని ఆపేస్తారమ్మా. ఇద్దరం ఇంటికే" అన్నాడు ప్రొఫెసర్ బార్నబాష్.

ఓ మధ్యాహ్నం చలిగదిలో ఖాళీ పళ్లేల కోసం వెతుకుతుంటే, పై అరలో డబ్బాల వెనక ఆమ్లగుణం కొలిచే పీహెచ్ మీటరు కనిపించింది. ఇదిక్కడెందుకు? ఇల్కకి అప్పుడు తట్టింది. చలికి ట్రిస్ పీహెచ్ పెరుగుతుంది కదా! స్ఫటికాలు కట్టేది ఈ చలిలో, తను కలిపేదేమో బయట వెచ్చగా. ముసల్ది ఇక్కడే నిలబడి కలిపేదన్నమాట.

అక్కడే నిలబడి చుక్కచుక్కగా యాసిడ్ వేసింది. బయటకంటే ఎక్కువే పడుతోంది. వేళ్లు కొయ్యబారాయి.

"చాల్లేవే, ఇక ఆపు."

చెవి పక్కనే! ఎటెల్క గొంతే. గదిలో ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు. మీటరు మీద అంకె సరిగ్గా కావలసిన ఎనిమిదిన్నరే. అబద్ధమెందుకు, ఇల్క బయటికి పరుగెత్తింది. సీసా మాత్రం వదల్లేదు.

తొమ్మిదో రోజుకి స్ఫటికాలు కట్టాయి. మంచు పట్టకుండా గ్లిసరాల్‌లో ముంచి ద్రవ నైట్రోజన్‌లో వేస్తే ఒక్కటీ పగలలేదు. బార్నబాష్ అందరికీ పలింకా, ఆ ఊరి పళ్ల సారా, పోశాడు.

"కిటుకెవరు చెప్పారమ్మా?"

"ఎటెల్కక్క" అంది. ఆయన పకపకా నవ్వాడు.

ఆ తర్వాత ఎన్నిసార్లు కలిపినా ఆ గొంతు వినిపించలేదు. ఒకరోజు అంకె కుదిరాక కూడా ఇల్క కావాలనే ఇంకో చుక్క వేసింది. మరోటి. ఇంకో నాలుగు.

"తిట్టక్కా. రమ్మంటే రాలేదని తిట్టు" అంది.

ఫ్యాను తిరుగుతూనే ఉంది. పాడైన లీటరు బఫర్ సింకులో పారబోసి, మళ్లీ మొదటినుంచి ట్రిస్ పొడి తూచడం మొదలెట్టింది.