ఉప్పు ఎడారికి మోసిన కుక్కర్

మా ఆయనకి సంచీ సర్దడం అంటే బరువు నింపడం. గల్ఫ్‌లో ఉండేవాళ్ళలో ఎవర్ని చూసినా అంతే. విమానం వాళ్ళు ఎన్ని కిలోలిస్తే అన్ని కిలోలూ నింపాలి, అట్టపెట్టెకి తాడు బిగించాలి, పైన పెద్ద అక్షరాలతో పేరు రాయాలి. ఒక్క కిలో మిగిలిపోయినా ఆయనకి ప్రాణం ఒప్పదు. అలాంటి మనిషిని వీపు సంచీతో దక్షిణ అమెరికా తిప్పాలని నేను పట్టుబట్టాను.

దోహాలో ఎటు చూసినా క్రేన్లు లేచి ఉన్న రోజులవి. ఆయన గ్యాస్ ప్లాంటులో ఇంజినీరు, నేను బళ్ళో సైన్సు టీచర్ని. కిటికీ తెరిస్తే ఇసుక, మూసినా ఇసుకే. బొలీవియాలో ఒక ఉప్పు ఎడారి ఉందని, వానలు పడితే దాని మీద పలచగా నీళ్ళు నిలిచి ఆకాశం మొత్తం కింద కనిపిస్తుందని ఒక ఫోటోలో చూశాను. అప్పట్నుంచి నాకు వేరే కోరిక లేదు. ఎడారి చూసి చూసి విసుగెత్తిన మనిషికి మళ్ళీ ఎడారే కావాలనిపించడం ఏం పిచ్చో! ఇంటికెళ్ళే సెలవుని అక్కడ వానలు పడే జనవరికి జరుపుకున్నాం. మళ్ళీ అంత సెలవు ఎప్పుడు దొరుకుతుందో తెలియదు. ఈసారి చూస్తే చూసినట్టు, లేకపోతే లేదు.

నా షరతు ఒక్కటే: ఎవరి సంచీ వాళ్ళే మొయ్యాలి, పచ్చళ్ళు లేవు, అట్టపెట్టెల్లేవు. ఆయన అనుమానం వచ్చేంత బుద్ధిగా తలూపాడు. కొండలెక్కడం అలవాటు కావాలి కదా, దోహాలో మేముండే అల్ అజీజియాలో కొండలెక్కడివి? పార్కులో మట్టిపోసి చేసిన చిన్న గుట్ట ఒకటుంది. అదెక్కి దిగి, అది చాలక మా బిల్డింగ్ మెట్లు ఎక్కేవాళ్ళం, వీపున బియ్యం సంచులతో. జగిత్యాల వైపు నుంచి వచ్చిన వాచ్‌మన్ కొన్నాళ్ళు ఊరుకుని ఇక ఉండబట్టలేకపోయాడు.

"గా సంచులల్ల ఏమున్నదక్కా?"

"బియ్యం, తమ్ముడూ."

"బియ్యం మోసుకుంట తిరుగుడేందక్కా? లిఫ్టు మంచిగనే ఉన్నది గదా!"

ఆ తర్వాత మేం కనబడితే చాలు, కుర్చీలోంచి లేచి "యల్లా, యల్లా" అని అరబ్బీలో 'పదండి పదండి' అంటూ తరిమేవాడు.

సావో పాలోలో దిగాం. ఆ మహానగరంలో రెండు రోజులు తప్పిపోతూ, నవ్వుకుంటూ తిరిగి ఇగ్వాసు జలపాతానికి వెళ్ళాం. నాలుగు చినుకులు పడితే బాల్కనీలోకి పరిగెత్తే ఊరి నుంచి వచ్చినవాళ్ళం. అన్ని నీళ్ళు ఒక్కసారిగా మీద పడుతుంటే పిచ్చిదానిలా అరిచాను, ఏడ్చాను కూడా. ఆ సంతోషంలోనే ఆయన సంచీ కింద పెట్టాడు. ఖణేల్‌మని మోగింది.

సంచీలో తువ్వాలు చుట్టిన మూట విప్పి చూస్తే ప్రెజర్ కుక్కర్! చిన్నదే, కానీ కుక్కరే. పక్కన పెసరపప్పు పొట్లం.

"సగం భూగోళం చుట్టి మనం కుక్కర్ మోసుకొచ్చామా అండీ? దాన్ని ఇక్కడే వదిలెయ్యండి."

"మోసేది నేను కదా, నీకెందుకే?" అన్నాడు, తలెత్తకుండా.

బొలీవియాలో లా పాజ్ చేరేదాకా ఆ కుక్కర్ మీద నేను వెయ్యని జోకు లేదు. లా పాజ్‌లో దిగాక నా జోకులు ఆగిపోయాయి. కొండల మీద గూళ్ళలా ఇళ్ళు, ఆ ఇళ్ళ మీదుగా తీగలకి వేలాడుతూ పోయే పెట్టెలు... ఎంత అందమైన ఊరో! నాకు మాత్రం ఆ ఎత్తుకి తల పగిలిపోతోంది, ఏది తిన్నా కడుపులో నిలవడం లేదు. ఎడారి పక్కన ఉన్న ఊరు చేరేసరికి గోడ పట్టుకుని నడుస్తున్నాను. జీపు డ్రైవరు నన్ను ఎగాదిగా చూసి, వచ్చీరాని ఇంగ్లీషులో తేల్చి చెప్పేశాడు: రేపు పొద్దున్నకి ఈమె కడుపులో ఏదైనా నిలిస్తే తీసుకెళ్తాను, లేకపోతే లేదు, అక్కడ డాక్టర్లు ఉండరు. మంచం మీద పడుకుని గోడ వైపు తిరిగి ఏడ్చాను. ఇంత దూరం వచ్చి, గుమ్మంలో ఆగిపోవడమా?

ఆయన బియ్యం కొనుక్కొచ్చి నన్ను సత్రం వంటగదిలో ఓ మూల కూర్చోబెట్టి గిన్నె పెట్టాడు. నీళ్ళు తెర్లుతూనే ఉన్నాయి, మెతుకు మాత్రం పలుకే. ఎత్తుకి వెళ్ళేకొద్దీ నీళ్ళు తక్కువ వేడికే మరుగుతాయని ఏటా ఎనిమిదో తరగతికి చెప్పేది నేనే! ఆయన నా వైపు ఒకసారి చూసి, సంచీ విప్పి కుక్కర్ తీశాడు. బియ్యం, పెసరపప్పు, చిటికెడు పసుపు.

మొదటి విజిల్‌కే సత్రం యజమానురాలు తాళాలు గలగలలాడించుకుంటూ పరిగెత్తుకొచ్చింది. రెండు జడలు, గుండ్రటి టోపీ, నోటి నిండా తిట్లు. భాష రాకపోయినా తిట్టు తిట్టే కదా. తిన్నగా వెళ్ళి అలమర తెరిచింది. అందులో ఆమె కుక్కర్, మసిబారి, పెట్టింది పెట్టినట్టే ఉంది! మేం దాన్ని తీసి వాడేస్తున్నామనుకుంది పాపం. మా కుక్కర్‌నీ తన కుక్కర్‌నీ మార్చి మార్చి చూసి, నడుం పట్టుకుని పగలబడి నవ్వింది. ఆ ఊళ్ళో కుక్కర్ లేకుండా వంటే లేదని సైగలతో చెప్పింది. మా ఆయన వీపు మీద ఒక్కటి చరిచింది, అల్లుణ్ణి మెచ్చుకున్నట్టు. తర్వాత నా పక్కన కూర్చుని, పులగం తను ఒక ముద్ద తింటూ నాకో ముద్ద తినిపించింది. కడుపులో నిలిచింది.

తెల్లారి డ్రైవరు నా మొహం చూసి జీపు తలుపు తీశాడు.

ఆ ఎడారి గురించి ఏం చెప్పను? కింద మబ్బులు, పైన మబ్బులు, మధ్యలో చెప్పులు చేతబట్టుకుని నేను. మా ఆయన దూరంగా ప్యాంటు మడిచి ఆకాశం మీద నడుస్తున్నాడు. జీవితంలో అంత సంతోషం నాకు మళ్ళీ గుర్తు లేదు. ఆయన్ని గట్టిగా పిలిచి, నీళ్ళు చిమ్ముకుంటూ అటు నడిచాను.

దోహా చేరాక వాచ్‌మన్ ఎదురొచ్చి నా సంచీ అందుకుని, పైనుంచి తడిమి చూశాడు.

"గింత బరువేందక్కా? కుక్కరా? గంత దూరం పోయి కుక్కరు కొనుక్కచ్చిండ్రా? సార్, అక్కతోని మోపిస్తున్నరేంది?"

మా ఆయన గబగబా చెయ్యి చాపాడు.

"మోసేది నేను కదా, మీకెందుకు?" అన్నాను. సంచీ భుజానికెత్తుకుని, లిఫ్టు వదిలేసి మెట్ల వైపు నడిచాను.