తాలు గింజ లాప్‌టాప్

రైసుమిల్లు యంత్రాలు అమ్మడం నా ఉద్యోగం. ఆ రోజు కంపెనీ ఇచ్చిన కొత్త లాప్‌టాప్‌తో సూర్యాపేట, కోదాడ తిరిగి, సాయంత్రానికి మిర్యాలగూడలో ఓ మిల్లుకు చేరాను. అసలే నేను బక్కపలచటి మనిషిని. యజమాని లాప్‌టాప్‌ను వడ్లు చూసినట్టే అరచేతిలో ఎత్తి చూశాడు.

"గింత అల్కగున్నదేందమ్మా? నువ్వు, నీ కంప్యూటర్ రెండూ తాలు గింజలే. గాలొస్తే ఎగిరిపోతరు!"

గుమాస్తాలంతా నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది.

లాప్‌టాప్ తెరిచి వీడియో పెట్టాను. అందులో మా యంత్రం తిరగడం మొదలవగానే కరెంటు పోయింది. పొద్దుటి నుంచి చార్జింగ్ పెట్టలేదు, లాప్‌టాప్ కూడా ఆగిపోతుందనుకున్నాను. కానీ మిల్లంతా ఆగినా తెర మీద నా యంత్రం ఆగలేదు. ఆయన అడిగినవన్నీ ఆ చీకట్లోనే చూపించాను. కరెంటొచ్చేసరికి ఆర్డర్ ఖాయమైంది.

"తాలు గాదు బిడ్డా, రెండూ గట్టి గింజలే!" అన్నాడాయన.

ఇప్పుడెవరైనా నన్ను చూసి బక్కదని నవ్వితే, ఓ గంట కరెంటు తీసి చూడమంటాను.