మూసిన మలుపు, కుంగిన దారి

రోడ్ల విభాగం ఆఫీసులో ఆవిణ్ణి అందరూ బొంగరం అనేవారు. ఎదురుగా కాదు, చాటుగా. కుర్చీలో పట్టుమని పది నిమిషాలు కూర్చునే మనిషి కాదు. లేచి కిటికీ దాకా వెళ్తుంది, వెనక్కొచ్చి కంప్యూటర్‌లో ఏదో నొక్కుతుంది, ఇంతలో హెల్మెట్ పట్టుకుని మాయమవుతుంది. ఊళ్లో రోడ్ల మరమ్మతులు చూసే ఇంజినీరు ఆవిడ. రోడ్డును కళ్లారా చూసి, కాలితో తొక్కితే గాని మనసు కుదుటపడదు.

అలాంటి మనిషే ఆఫీసుకు కొత్త సాఫ్ట్‌వేర్ కావాలని పట్టుబట్టింది. అంతకుముందు ఎవరి నోరు పెద్దదైతే వాళ్ల వీధికే తారు పడేది. ఇప్పుడు ఏ రోడ్డు ఎప్పుడు వేశారు, ఎన్ని బండ్లు తిరుగుతున్నాయి, ఈ ఏడు వదిలేస్తే పై ఏడు ఖర్చు ఎంత పెరుగుతుంది, అన్నీ ఆ సాఫ్ట్‌వేరే లెక్కకట్టి, ఉన్న బడ్జెట్‌లో ముందు దేన్ని బాగుచేయాలో చెబుతుంది. బాగున్న రోడ్డు తెర మీద పచ్చగా కనిపిస్తుంది, ఆగగలిగేది పసుపు, ఆగలేనిది ఎరుపు.

పై కాలనీకి ఎక్కే దారిలో ఒక మలుపుంది. తెర మీద అది పసుపు. కానీ ఆ మలుపును మోస్తున్న రాతిగోడలో ఆవిడకు ఒక పగులు కనిపించింది. మొదట వేలి గోరు దూరేంత. వానలు మొదలయ్యాక వేలే దూరింది. ఇక ఆవిడ కాలుగాలిన పిల్లి అయిపోయింది. ఆఫీసుకు వెళ్తూ ఒకసారి, వస్తూ ఒకసారి బండి ఆపి వేలు పెట్టి చూసేది. ఇంట్లో అన్నం కలుపుతూ చెయ్యి ఆపేసేది. ఆ దారిలో బస్సు నడిపేది సొంత తమ్ముడే మరి.

పెద్ద ఇంజినీరు దగ్గరికి వెళ్లింది.

"సాఫ్ట్‌వేర్ ఇంకా రెండేళ్లు ఆగొచ్చంటోంది కదమ్మా, నీకెందుకింత తొందర?" అన్నాడాయన.

"అది రోడ్డు సంగతి చెబుతోంది సార్. గోడ సంగతి దానికి తెలీదు."

"గోడలకు వేరే పద్దుంది. వచ్చే ఏడాది చూద్దాం."

"గోడ పడిపోతే రోడ్డు గాల్లో నిలబడుతుందా సార్?"

ఆయన నవ్వి ఫోనెత్తుకున్నాడు. పగులును పెద్ద గుంత అని కంప్యూటర్‌లో రాస్తే చాలు, మలుపు ఎరుపైపోతుంది. ఆ ఆలోచన ఆవిడకు వచ్చింది కూడా. కానీ ఒక్క అబద్ధం ఎక్కించాక ఇక దాని లెక్క ఎవరు నమ్మాలి? చేతిలో ఉన్న ఇంకో అధికారం వాడింది. ప్రమాదం ఉందని రాసిచ్చి, మలుపుకు అటూ ఇటూ డ్రమ్ములు పెట్టించి దారి మూసేసింది. బస్సుల్ని గోదాముల వీధి మీదుగా మళ్లించింది. ఆ వీధి తెర మీద నిగనిగలాడే పచ్చ. పచ్చే కదా అనుకుంది. ప్రతి రోడ్డూ తొక్కి చూసే మనిషి దాన్ని మాత్రం తొక్కి చూడలేదు. మనసంతా గోడ మీదే ఉంది.

కాలనీవాళ్లు తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టారు. తమ్ముడు ఫోన్ చేశాడు.

"అక్కా, చుట్టూ తిప్పలేక చస్తున్నాం. గోడ పడేదుంటే ఎప్పుడో పడేది కదే!"

"పడేదాకా చూడమంటావేంట్రా? నాలుగు రోజులు ఓపిక పట్టు."

ఆ నాలుగు రోజులూ గడవనే లేదు. ఒక ఉదయం గోదాముల వీధిలో తమ్ముడి బస్సు ముందు చక్రం రోడ్డులోకి దిగబడిపోయింది. అడుగున ఎవరికీ గుర్తులేని పాత మురుగుకాలువ. గోదాములు మూతపడ్డాక నాలుగు ఆటోలే తిరిగే వీధిగా అది పచ్చే. బస్సుల బరువు దాని మీద పడుతుందని సాఫ్ట్‌వేర్‌కు ఎవరూ చెప్పలేదు. ప్రయాణికులు చిన్న దెబ్బలతో బయటపడ్డారు. స్టీరింగ్ గిర్రున తిరిగి తమ్ముడి మణికట్టు విరిగింది.

ఆసుపత్రికి పరుగున వెళ్లింది. తమ్ముడు కట్టు చూపించి, "గోడ నుంచి కాపాడి గోతిలో దింపావు కదే అక్కా" అని నవ్వాడు. ఆవిడకు నవ్వు రాలేదు. మంచం పక్కనున్న మరదలు మొహం తిప్పేసుకుంది. ఒక్క మాట అని ఉంటే బాగుండేదనిపించింది ఆవిడకు.

అదే వారం నిపుణులు వచ్చి మలుపు దగ్గర గోడ వెనక తవ్వించారు. మట్టంతా నీటికి కొట్టుకుపోయి, మనిషి నిలబడేంత డొల్ల. పెద్ద ఇంజినీరు లోపలికి తొంగిచూసి తెల్లబోయాడు.

"నువ్వన్నదే నిజమైందమ్మా. ఒక్క బస్సు ఎక్కి ఉంటే..."

"సగమే నిజం సార్. రెండో సగం నా తమ్ముడి చేతి కట్టులో ఉంది."

మళ్లించిన దారిని తాను చూడలేదని బస్సు ప్రమాదం మీద జరిగిన విచారణలో తనే చెప్పింది. దాచి ఉంటే అడిగేవాళ్లు లేరు. మెమో వచ్చింది, తీసుకుంది. ఆ తర్వాత సాఫ్ట్‌వేర్ తయారుచేసిన అమ్మాయిని పిలిపించి ఎదురుగా కూర్చోబెట్టుకుంది.

"ఒక దారి మూస్తే అక్కడి బండ్లు ఆకాశంలోకి పోవమ్మా. ఆ బరువు పక్క దారి మీద వేసి చూపించాలి. గోడ, కాలువ, రోడ్డు, మూడూ ఒకేచోట కనబడాలి."

"మేడమ్, అడిగింది ఇవ్వడమే కదా మా పని. ఇది ఎవరూ అడగలేదు."

"నేనూ అడగలేదు. ఇప్పుడడుగుతున్నా."

అది తయారయ్యేసరికి వానలు వెళ్లి ఎండలొచ్చాయి. మొదటిసారి పరీక్షకని ఒక బజారు దారి మూసినట్టు నొక్కితే, పక్క వీధి పచ్చ నుంచి ఎరుపులోకి తిరిగింది. గదిలో అందరూ చప్పట్లు కొట్టారు. ఆవిడ మాత్రం లేచి, ఆ పక్క వీధిని చూసొస్తానని బయల్దేరింది.

మలుపు దగ్గర కొత్త గోడ లేచింది. బస్సులు మళ్లీ దాని మీదుగానే వెళ్తున్నాయి. తమ్ముడి చెయ్యి అతుక్కుంది కానీ పెద్ద బండి తిప్పే బలం రాలేదు. డిపోలో టికెట్ల కిటికీ దగ్గర కూర్చోబెట్టారు. కూర్చుని కూర్చుని కాళ్లు గుంజుతున్నాయని సణుగుతుంటాడు. ఆవిడ వారానికోసారి వాళ్లింటికి వెళ్తుంది. మరదలు తలుపు తీస్తుంది, కాఫీ ఇస్తుంది, వంటింట్లోకి వెళ్లిపోతుంది. ఆవిడ ఆ కాఫీ చల్లారేదాకా కదలకుండా కూర్చుంటుంది.